మొండితనమా, మతిమరుపా?

రోజుకు లీటరు దాటి నీళ్లు తాగొద్దని డాక్టరు చెప్పినా తాగేస్తాడు, మాత్రలు వేసుకున్నదీ లేనిదీ చెప్పడు, పలకరిస్తే విసుక్కుంటాడు. డయాలసిస్ మీదున్న పెద్దాయన గురించి ఇంట్లోవాళ్లు ఇలా చెబితే చాదస్తమనీ, పెద్దతనమనీ సరిపెట్టుకుంటాం. ఇందులో చాలా భాగం మొండితనం కాదు, జబ్బే. అమెరికాలోని మినియాపొలిస్ ప్రాంతంలో 55 ఏళ్లు పైబడిన 374 మంది డయాలసిస్ రోగులను పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. 37 శాతం మందిలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఏ లోపమూ లేనివాళ్లు 13 శాతమే. కేసు షీట్లలో ఆ సంగతి ఎక్కింది మాత్రం 3 శాతం మందికి!

కిడ్నీల్లోని సన్నటి రక్తనాళాలను పాడుచేసే షుగరు, బీపీ మెదడులోని నాళాలనూ వదలవు. దానికి తోడు, రెండు రోజులుగా ఒంట్లో చేరిన నీటిని యంత్రం నాలుగు గంటల్లో లాగేస్తుంది. ఆ సమయంలో వృద్ధుల మెదడుకు రక్తప్రసరణ సగటున 10 శాతం తగ్గుతుందని 2018లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపారు. 12 మందితో చేసిన చిన్న అధ్యయనమే గానీ, అది చెప్పే దారి స్పష్టం. గుంటూరు, ప్రకాశం ఎండల్లో ఈ దారి మరీ ఏటవాలు. పండుమిరపకాయ పచ్చట్లో కారం కన్నా ఉప్పు చేసే చేటే ఎక్కువ: ఉప్పుకు దాహం, దాహానికి నీళ్లు, ఎక్కువైన నీటిని లాగితే బీపీ పతనం. ఎన్ని గ్లాసులు తాగాడో గుర్తులేని మనిషికి ఇదంతా మరింత వేగంగా జరుగుతుంది. పశ్చిమ ప్రకాశంలోని దర్శి, పొదిలి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ జబ్బును వైద్యులు 1937 నాటికే నమోదు చేశారు. అందుకే అక్కడి కిడ్నీ రోగుల గురించి ఇప్పటికీ చర్చంతా ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ల చుట్టూనే తిరుగుతుంది, రోగి మనసు దాకా రాదు.

ఇంత జబ్బు పెట్టుకుని దిగులు పడకుండా ఎలా ఉంటాడు అంటారు. దిగులు సహజమే, డిప్రెషన్ వేరు. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణలో, ప్రశ్నావళితో లెక్కిస్తే 39 శాతం డయాలసిస్ రోగుల్లో, వైద్యులు కూర్చోబెట్టి మాట్లాడితే 23 శాతం మందిలో డిప్రెషన్ కనిపించింది. నీరసం, ఆకలి లేకపోవడం, నిద్రపట్టకపోవడం కిడ్నీ జబ్బువీ కావచ్చు గనుక ప్రశ్నావళి కొంత ఎక్కువ చూపుతుంది. సరైన లెక్క 23 అనుకుంటే, నలుగురిలో ముగ్గురు అదే మంచం మీద పడుకుని కూడా డిప్రెషన్ లేకుండా ఉన్నారన్నమాట. అలాంటప్పుడు దాన్ని తప్పనిసరి అనడం కుదరదు. పైగా డిప్రెషన్ కూడా మతిని మందగింపజేస్తుంది, చికిత్సకు లొంగే భాగం అదే. అందుకే నిద్ర గురించి కాదు, పత్తి రేటెంతో అడగడం ఎప్పుడు మానేశాడు, ఇంటికి బరువయ్యానని ఎన్నిసార్లు అన్నాడు అని ఆరా తీయాలి.

మానసిక వైద్యులే అరుదైన చోట ఇదంతా ఎవరు చేస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ సగం పని వేళ మార్చడమే. డయాలసిస్ జరుగుతున్నప్పుడు బుర్ర బాగా మందగిస్తుంది, అంతకు ముందూ మర్నాడూ చురుగ్గా ఉంటుంది. జాగ్రత్తలు చెప్పడం, జ్ఞాపకశక్తి పరీక్ష అప్పుడే జరగాలి, కొడుకో కోడలో పక్కనుండగా. యంత్రం మీదున్న గంటలు ఓదార్పు మాటకు పనికొస్తాయి: 2019లో వెలువడిన అమెరికా పరిశోధనలో కౌన్సెలింగ్ అక్కడే ఇచ్చారు. దానితో పోల్చిన, డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్ మాత్ర కాస్త ముందుంది, దుష్ప్రభావాలూ దానికే ఎక్కువ. డయాలసిస్ ద్రవాన్ని ఒంటి వేడి కంటే అర డిగ్రీ చల్లగా ఉంచితే ఏడాది తర్వాత మెదడుకు నష్టం తగ్గిందని 73 మందితో చేసిన బ్రిటన్ అధ్యయనం 2015లో తెలిపింది. కొందరికి చలేస్తుంది, నిజమే. దుప్పటి కప్పొచ్చు.