విండోస్ 10 ఉన్న పాత కంప్యూటర్‌ను పక్కన పడేయాలా? లినక్స్‌కు మారేముందు ఇవి తెలుసుకోండి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కంప్యూటర్ ఆగిపోదు కానీ, కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు రావు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకున్న వాళ్లకు అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు అందుతాయి. ఆ తర్వాత విండోస్ 11కు వెళ్దామంటే దానికి టీపీఎం 2.0 చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. 2017కు ముందు కొన్న చాలా మెషిన్లు ఈ పరీక్ష దాటవు.

అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లల ఇళ్లలో, టైపింగ్, జిరాక్స్ షాపుల్లో ఇలాంటి కంప్యూటర్లు ఎక్కువే. వేరుశనగ చేతికి రాని ఏడాది ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ మాట ఎత్తలేం. అలాంటివాళ్లకు లినక్స్ అసలైన ప్రత్యామ్నాయం. ఉచితం, పాత మెషిన్ల మీదా నడుస్తుంది. కాకపోతే అందరికీ కాదు. ఎవరికి కాదో ముందు చెప్పుకుందాం.

మారకూడనివాళ్లు ఎవరు?

కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీలు టైప్ చేసిపెట్టే షాపు మీదైతే, అను ఫాంట్లలో పనిచేస్తుంటే, తొందరపడొద్దు. అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం చేసింది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. అంటే ఫైల్లో ఉన్నవి నిజానికి ఇంగ్లిష్ గుర్తులు, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంటు లేని లినక్స్‌లో తెరిస్తే మీ పదేళ్ల ఫైళ్లు అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. విండోస్ ఉండగానే ముఖ్యమైనవాటిని యూనికోడ్‌లోకి మార్చుకోండి, మార్చాల్సిన పనిలేనివాటిని పీడీఎఫ్‌గా దాచుకోండి.

వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లు వాటికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో అమ్మినవాళ్లను అడగకుండా అడుగు వేయొద్దు. ప్రింటరు సంగతీ అంతే. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు ఇబ్బంది పెట్టవు. మన షాపుల్లో ఎక్కువగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్స్‌తో అంత తేలిగ్గా పొసగదు. మీభూమిలో 1బీ చూసుకోవడం, ఫీజులు కట్టడం, దరఖాస్తులు నింపడం బ్రౌజర్‌లో జరిగే పనులు. ఇంతకుముందు ఎలా చేసేవాళ్లో అలాగే చేసుకోవచ్చు.

చెరపకుండా చూడొచ్చు

కొత్తవాళ్లకు నేను చెప్పేది లినక్స్ మింట్. విండోస్‌కు అలవాటైన కంటికి కొత్తగా ఉండదు. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 జీబీ ఉంటే సుఖం. 22వ వెర్షన్‌కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. దాని ఐఎస్ఓ ఫైలును అధికారిక సైటు నుంచే దించుకుని, రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, చూసుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌తోనే కంప్యూటర్ ఆన్ చేస్తే, హార్డ్ డిస్క్‌ను తాకకుండానే లినక్స్ తెరుచుకుంటుంది. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయా అని ఇక్కడే పరీక్షించండి. వైఫై దొరక్కపోతే కంగారొద్దు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టండి, తర్వాత డ్రైవర్ మేనేజర్‌లో కావాల్సింది దొరుకుతుందేమో చూడండి. అంతా బాగుందనిపించాక, ఫైళ్లన్నీ వేరే డిస్కులో దాచుకున్నాక ఇన్‌స్టాల్ నొక్కండి.

సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి వస్తుంది?

విండోస్ అలవాటు ప్రకారం గూగుల్‌లో వెతికి, కనిపించిన సైటులో డౌన్‌లోడ్ నొక్కడానికి చెయ్యి వెళ్తుంది. లినక్స్‌లో ఆ అలవాటే మానుకోవాలి. ఇక్కడ సాఫ్ట్‌వేర్లు ప్యాకేజీలుగా కట్టి, రిపాజిటరీ అనే ఒకచోట ఉంటాయి. విత్తనాల సంచితో పోల్చుకోండి. సీలు, నీలం ట్యాగు ఉన్న ధ్రువీకరించిన విత్తనం వేరు, సంతలో ఎవరో విప్పి అమ్మే గింజలు వేరు. నకిలీ విత్తనం దెబ్బ ఏమిటో ఈ జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రిపాజిటరీకి కూడా డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం సరిపోలకపోతే మీ కంప్యూటర్ హెచ్చరిస్తుంది, మామూలుగా దించుకోదు.

ఒక ప్యాకేజీ పనిచేయడానికి ఇంకో నాలుగు కావాల్సి రావచ్చు. వీటిని వెతికి తెచ్చేది ఆప్ట్ అనే పనిముట్టు. 1999లో వచ్చిన డెబియన్ 2.1తో ఇది జనంలోకి వచ్చింది. ఉబుంటు, మింట్ దాన్నే వాడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో బటన్ నొక్కినా వెనక ఎక్కువగా పనిచేసేది ఇదే. టెర్మినల్‌లో అయితే ఇంగ్లిష్‌లో సుడో, ఆప్ట్, అప్‌డేట్ అని మూడు మాటలు విడివిడిగా టైప్ చేయాలి. పేరు చూసి మోసపోవద్దు, ఇది సాఫ్ట్‌వేర్‌ను మార్చదు, ఏయే కొత్త వెర్షన్లు వచ్చాయో జాబితా తెస్తుంది అంతే. చివరి మాట అప్‌గ్రేడ్ అని మారిస్తే అసలు పని జరుగుతుంది. ఇన్‌స్టాల్, రిమూవ్ అని కొట్టి ప్యాకేజీ పేరు ఇస్తే పెట్టడం, తీసేయడం. సుడో అంటే యజమాని అధికారం, అందుకే పాస్‌వర్డ్ అడుగుతుంది. టైప్ చేస్తుంటే తెరమీద చుక్కలు కూడా కనబడకపోవచ్చు. అది చెడిపోవడం కాదు.

వై నొక్కేముందు తెరమీద ఏముందో చదవండి. ఏవేవి తొలగిస్తుందో అక్కడ రాసి ఉంటుంది. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కోసం డెస్క్‌టాప్ మొత్తాన్నే తీసేస్తానంటే ఆపేయండి. ఇంటర్నెట్‌లో ఎవరో ఇచ్చిన సుడో ఆదేశాన్ని అర్థం కాకుండా అతికించడం, ఇంటి తాళం దారినపోయేవాడికి ఇచ్చినట్టే.

తెలుగు మాటేమిటి?

తెలుగులో కంప్యూటర్ నడిపే ప్రయత్నం కొత్తది కాదు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ ఇదివరకే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. ఇప్పుడు ఉబుంటు, మింట్, డెబియన్ మూడింటిలో తెలుగు ఫాంట్లు ప్యాకేజీలుగానే దొరుకుతాయి. ఫాంట్స్ తెలు అనే ప్యాకేజీలో పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉన్న మన వేమన పేరే అది. టైపింగ్‌కు ఐబస్ ఎం17ఎన్ పెట్టుకోండి. అందులో ఇన్‌స్క్రిప్ట్‌తోపాటు ఆపిల్ కీబోర్డు కూడా ఉంది. అనులో ఆపిల్ లేఅవుట్‌కు వేళ్లు అలవాటైన డీటీపీవాళ్లకు ఇది పెద్ద ఊరట. అయితే కొన్ని మీటల్లో తేడా ఉండొచ్చు, ఒక అర్జీ కొట్టి చూడండి.

కరెంటు పోతే?

అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోవడం డెస్క్‌టాప్ వాడేవాళ్లకు అసలు గండం. సగం ఎక్కిన ప్యాకేజీలతో ఆప్ట్ మొరాయిస్తుంది. అప్పుడు సుడో, డీపీకేజీ అని టైప్ చేసి, రెండు అడ్డగీతలతో కన్ఫిగర్, ఒక అడ్డగీతతో ఏ అక్షరం చేరిస్తే, ఆగినచోటి నుంచి పని పూర్తిచేస్తుంది. లాక్ దొరకలేదని వస్తే మాత్రం చాలాసార్లు వెనక ఇంకో అప్‌డేట్ నడుస్తున్నట్టు లెక్క. కాసేపు ఆగండి, లాక్ ఫైలును చెరిపేయమన్న సలహా వినొద్దు. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనేది ముందే ఉంటుంది. పెద్ద అప్‌గ్రేడ్‌కు ముందు దానితో స్నాప్‌షాట్ తీసిపెట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు సిస్టమ్‌ను నిన్నటి స్థితికి తెచ్చుకోవచ్చు. మామూలు సెట్టింగుల్లో అది మీ ఫొటోలను, అర్జీలను దాచదు. వాటికి వేరే బ్యాకప్ ఉండాల్సిందే.