వీడియో గేమ్ చప్పుళ్లతో డ్రమ్ అండ్ బేస్ బాణీలు!

మేరియో ఎగిరి పెట్టెను గుద్దితే 'టింగ్' మని నాణెం పైకి వస్తుంది... ఆ చప్పుడు ఎరగనివాళ్లు మన పాఠకుల్లో ఎందరుంటారు? టీవీకి తగిలించుకునే ఆ ప్లాస్టిక్ డబ్బా, పసుపుపచ్చ క్యాసెట్టు, దానిమీద '9999 ఇన్ 1' అన్న పచ్చి అబద్ధం! క్యాసెట్టు ఆడకపోతే దాని నోట్లో 'ఉఫ్' మని ఊదడం మా తరంలో అందరం చేసిన వైద్యమే.

ఆ 'టింగ్' లో ఉన్నవి రెండే రెండు స్వరాలు. కీబోర్డు ఉన్నవాళ్లు వాయించి చూసుకోవచ్చు. ముందు బి, వెంటనే దాని పైన ఇ. మన లెక్కలో చెప్పుకోవాలంటే పంచమం మీంచి తారస్థాయి షడ్జమానికి ఒక గెంతు. అలాంటి చప్పుళ్లను కత్తిరించి, దరువు మధ్యలో అతికించి, కింద గోడలదిరే బేస్ పెట్టి పాటలు కట్టేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరు ఎంచుకున్న సంగీతం పేరు 'డ్రమ్ అండ్ బేస్'. ఇందులో గాయకుడు ఉంటే ఉంటాడు, లేకపోతే లేదు. ట్యూను సంగతీ అంతే. డ్రమ్మూ బేసూ లేకపోతే మాత్రం పాటే లేదు.

మొదటిసారి విన్నవాళ్లకి ఎవరో రికార్డుని తప్పు స్పీడులో పెట్టారేమో అనిపిస్తుంది. నిమిషానికి 170, 175 దెబ్బలు మరి! కానీ గమ్మత్తేమిటంటే, డ్రమ్ములు అలా పరుగెడుతుంటే బేస్ మాత్రం సగం వేగంతో ఏనుగులా నడుస్తుంది. మృదంగం నేర్చుకున్నవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది... ఒకరు మొదటి కాలంలో, ఇంకొకరు రెండో కాలంలో వాయిస్తున్నట్టన్నమాట. కాళ్లు బేస్‌తో పోతాయి, భుజాలు డ్రమ్ముతో పోతాయి. పెళ్లి ఊరేగింపులో తీన్మార్ డప్పుకి ఊగినవాళ్లకి ఇదేం కొత్త విద్య కాదు.

పుట్టిల్లు లండన్

1990ల మొదట్లో ఇంగ్లండులో పుట్టిందీ సంగీతం. అప్పట్లో 'జంగిల్' అనేవారు. లండన్, బ్రిస్టల్ వంటి ఊళ్ల కుర్రకారు దీన్ని తయారుచేశారు. వాళ్లలో చాలామంది జమైకా, ఆ చుట్టుపక్కల దీవుల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు. జమైకా వీధుల్లో బీరువాలంత స్పీకర్లు పెట్టి పాటలు వేసే 'సౌండ్ సిస్టమ్' ఆచారం ఉంది. బేస్ అక్కణ్ణుంచి వచ్చింది. డ్రమ్ము అమెరికా పాత రికార్డుల్లోంచి వచ్చింది. లైసెన్సు లేని దొంగ రేడియోలు మేడల మీద యాంటెన్నాలు కట్టి ఈ పాటల్ని ఊరంతా వినిపించాయి. తర్వాత పెద్దమనుషులూ ఒప్పుకున్నారు లెండి. రోనీ సైజ్ బృందం చేసిన 'న్యూ ఫార్మ్స్' కి 1997లో బ్రిటన్ మెర్క్యురీ బహుమతి వచ్చింది.

మరి వీడియో గేములతో ఏమిటి సంబంధం? స్టూడియో అద్దెకి డబ్బుల్లేని కుర్రాళ్లకి దొరికింది 'కమోడోర్ అమీగా' అనే కంప్యూటరు. ఇళ్లల్లో పిల్లలు ఆటలాడుకోవడానికే ఎక్కువగా కొన్నారు దాన్ని. 1987లో కార్‌స్టెన్ ఒబార్‌స్కీ అనే జర్మన్ యువకుడు ఆ యంత్రానికి 'అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్' అనే ప్రోగ్రాము రాశాడు. ఎందుకనుకున్నారు? గేములకి సంగీతం కట్టడానికే! నాలుగే చానళ్లు, ఒక్కోదాంట్లో ఒక్కో శబ్దం, పైనుంచి కిందికి అంకెల చిట్టాలా పాట. చూడ్డానికి కిరాణాకొట్టు పద్దులా ఉంటుంది. ఆ తరహా ప్రోగ్రాములతోనే లండన్ కుర్రాళ్లు జంగిల్ పాటలు కట్టారు. 'అఫ్రోడైటీ' పేరుతో ప్రసిద్ధుడైన గావిన్ కింగ్ అమీగా మీదే పేరు తెచ్చుకున్నాడు. ఆడుకునే యంత్రం, ఆటలకి పాటలు కట్టేందుకు రాసిన ప్రోగ్రాము... ఇంక ఆ ఆటల చప్పుళ్లు పాటల్లోకి దూరకుండా ఎలా ఉంటాయి?

జపాన్ వాళ్లు ఇంకా ముందే ఉన్నారు. 1978లో 'స్పేస్ ఇన్వేడర్స్' వచ్చింది. పైనుంచి రాక్షసులు దిగుతుంటే కింద నాలుగు మంద్రస్వరాలు, గుండె కొట్టుకున్నట్టు 'దుం... దుం... దుం... దుం'. రాక్షసులు తగ్గేకొద్దీ ఆ దరువు వేగం పెరుగుతుంది. కుర్రాళ్ల చెమటలు కారేవి దానికే! అదే ఏడాది ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా అనే టోక్యో బృందం ఇలాంటి ఆటల చప్పుళ్లతో 'కంప్యూటర్ గేమ్' అనే బాణీ చేసింది. 1980లో అది బ్రిటన్ హిట్ల జాబితాలోకీ ఎక్కింది. 1992 వచ్చేసరికి బ్రిటన్‌లో ఇదో జాతర అయిపోయింది. ఎఫెక్స్ ట్విన్ 'పవర్ పిల్' అని పేరు మార్చుకుని 'ప్యాక్ మ్యాన్' రికార్డు తెచ్చాడు. నాటక సంగీతంలో ఉద్దండుడైన ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ అంతటివాడు నైజల్ రైట్‌తో కలిసి 'డాక్టర్ స్పిన్' అనే మారుపేరుతో 'టెట్రిస్' పాట చేసి హిట్టు కొట్టాడు. నా చెవికైతే అది తిరునాళ్ల రంగులరాట్నం పాటలా ఉంటుంది గానీ, జనం కొన్నారు. ఏంచేస్తాం!

వడ్డీతో సహా బాకీ తీరింది కూడా. 1999లో ప్లేస్టేషన్‌కి వచ్చిన 'ఏప్ ఎస్కేప్' అనే కోతుల వేట ఆటకి సోయిచి తెరాదా అనే ఆయన ఏకంగా డ్రమ్ అండ్ బేస్ సంగీతమే ఇచ్చాడు. కోతి వెనక పరిగెత్తాలంటే 170 దెబ్బలు ఉండాల్సిందే కదా! ఇక 2007లో వచ్చిన 'అన్‌ట్రూ' ఆల్బం డ్రమ్ అండ్ బేస్ కాకపోయినా దాని పిన్నికూతురే. 'బరియల్' అనే లండన్ కళాకారుడు అందులో 'మెటల్ గేర్ సాలిడ్' ఆటలోని శబ్దాలు వాడాడు. తూటా పేలాక ఖాళీ గొట్టం నేలమీద పడి మోగే చిన్న చప్పుడు... దాన్ని తాళంలో కలిపేశాడు. వాన పడుతున్న రాత్రి తలుపు బయట ఎవరో ఉన్నట్టుంటుంది వింటుంటే. నా ఓటు దానికే.

బాతుల వేటలో స్నేర్ డ్రమ్ము

ఇంత చదివాక చేయి ఊరుకుంటుందా? ఆదివారం కోఠి బజారులో ఓ పాత గేము డబ్బా సంపాదించాను. దాని ఆడియో తీగ కంప్యూటరుకి కలిపాను.

ఈ డబ్బాలన్నీ 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన యంత్రానికి నకళ్లే. అసలు యంత్రంలో శబ్దానికి ఐదే దారులు. రెండు ట్యూను పాడతాయి. మూడోది త్రికోణపు అల... మెత్తగా, గుండ్రంగా, హెచ్చుతగ్గుల్లేకుండా ఒకే గొంతుతో మోగుతుంది. బేస్‌కి పుట్టిన గొంతు! నాలుగోది 'ఉస్స్' మనే వట్టి రొద. ఐదోది చిన్న చిన్న రికార్డింగులు వినిపించడానికి. మూడో దారి బేస్, నాలుగో దారి డ్రమ్. అంటే డబ్బాలోనే మన సంగీతం పేరు రాసిపెట్టి ఉందన్నమాట.

మేరియోలో వెనక పాట ఆగదు గనక శబ్దం ఒంటరిగా దొరకదు. శుభ్రమైన చప్పుళ్లు కావాలంటే బాతుల వేటే! అందులో తుపాకీ పేలుడు విడిగా దొరుకుతుంది. చిన్న చిక్కేమిటంటే, ఆ తుపాకీ గురి పాతకాలపు గాజు టీవీ మీదే పనిచేస్తుంది. ఇప్పటి పల్చటి టీవీ మీద ఎంత కాల్చినా బాతు చావదు. పొదల్లోంచి కుక్క లేచి నవ్వుతూనే ఉంటుంది. తుపాకీ చప్పుడూ కుక్క నవ్వూ కావలసినంత దొరికాయి గానీ, బాతు కిందికి పడేటప్పుడు వచ్చే జారుడు ఈల కోసం మా వీధి టీవీ మెకానిక్ షాపులో ఓ గాజు టీవీని గంటసేపు బతిమాలుకోవాల్సొచ్చింది.

పేలుడు చప్పుడు ముందూ వెనకా కత్తిరిస్తే అదే స్నేర్. ఒంటరిగా పల్చగా ఉంటుంది కనక కింద ఓ 'ధబ్' అతకాలి. త్రికోణపు స్వరాన్ని సగం వేగంతో ఆడిస్తే ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఇంకోసారి సగం చేస్తే ఇంకో స్థాయి. అప్పుడు వినపడదు, తగులుతుంది! ఇక దరువు సంగతి. నాలుగు దెబ్బల ఆవర్తంలో మొదటి దెబ్బకి కిక్, రెండోదానికీ నాలుగోదానికీ స్నేర్. మూడో దెబ్బ ఖాళీ. మూడుకీ నాలుగుకీ సరిగ్గా నడుమ ఇంకో కిక్. ఊపంతా ఆ ఖాళీలోనే ఉంది. ఖాళీ పూడిస్తే పాట బ్యాండుమేళం అయిపోతుంది.

మా అమ్మ ఊరి నుంచి ఫోన్లో విని, "మిక్సీలో గరిటె పడిందేంట్రా?" అంది.

"ఈ డ్రమ్ములు ఎవరివి తమ్ముడూ?"

తుపాకీ స్నేర్ ఒక్కటే చాలదని, ఈ సంగీతంలో అందరూ వాడే ఓ పాత డ్రమ్ము ముక్కని కింద పరిచి, కృష్ణానగర్‌లో ఉండే ఓ అన్నకి వినిపించాను. సినిమా పాటలకి రిథమ్ ప్రోగ్రామింగ్ చేస్తాడు, స్టేజీ మీద ప్యాడ్స్ వాయిస్తాడు. కళ్లు మూసుకుని విన్నాడు.

"తుపాకీ బాగుంది. కుక్క నవ్వు తీసెయ్. కింద డ్రమ్ములు మెషీను కాదు, మనిషే. ఎవరాయన?"

చెప్పాను. 1969లో 'ది విన్‌స్టన్స్' అనే అమెరికా బృందం 'కలర్ హిమ్ ఫాదర్' అనే పాట రికార్డు చేసింది. దానికి గ్రామీ బహుమతి వచ్చింది. ఆ రికార్డు రెండోవైపున 'ఆమెన్, బ్రదర్' అనే వాద్యగోష్ఠి ఉంది. మధ్యలో అందరూ ఆగిపోతే డ్రమ్మర్ గ్రెగరీ కోల్మన్ ఒక్కడే నాలుగు ఆవర్తాలు వాయించాడు. ఏడు సెకన్లు! ఆ ఏడు సెకన్లని ముక్కలు చేసి, ముక్కల్ని తారుమారు చేసి, వేగం పెంచి కట్టిందే జంగిల్ సంగీతంలో సగం. వేలకొద్దీ రికార్డుల్లో ఉంది. కోల్మన్‌కి పైసా రాలేదు. 2006లో ఇల్లూ వాకిలీ లేకుండా పోయాడు. ఆ బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి 2015లో అభిమానులు చందాలేసుకుని 24,000 పౌండ్లు ఇచ్చారు. ఆయనా 2020లో కన్నుమూశాడు.

అన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను వాయించిన లూపు నాలుగు సినిమాల్లో విన్నాను తమ్ముడూ. ఫోన్ చేస్తే, 'నీదేనని గ్యారంటీ ఏంటి' అన్నారు. డప్పు మీద పేరు రాసి ఉంటుందా ఏంటి?" అన్నాడు.

కాపీ ట్యూన్ల మీద మన పత్రికల్లో జరిగిన రగడ పాఠకులకి కొత్త కాదు. ఇది దానికన్నా చిక్కు వ్యవహారం. వరస కాపీ కొడితే ఎవరో ఒకరు మళ్లీ పాడాలి, వాయించాలి. ఇక్కడ మనిషి చేతి దెబ్బనే ఎత్తుకుపోతారు. అలాగని కత్తిరించినవాడిది పని కాదనలేను. ఆ ఏడు సెకన్లు ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాయి, లండన్ కుర్రాళ్లు చేసినట్టు వాటితో అంతకుముందు ఎవరూ చేయలేదు. కానీ 'ఏడు సెకన్లే కదా' అనే వాదన మాత్రం నేను ఒప్పుకోను. జర్మనీలో క్రాఫ్ట్‌వెర్క్ బృందం 1977 నాటి తమ దరువు రెండు సెకన్లు ఎత్తుకున్నారని కోర్టుకెక్కితే, ఆ వ్యాజ్యం దశాబ్దాలు సాగి 2019లో యూరప్ న్యాయస్థానం దాకా పోయింది. రెండు సెకన్లు అంత బరువు!

గేముల్లోనూ ఇంతే. ఆటలు కంపెనీలవి. కానీ ఆ 'టింగ్' లు కూర్చుని చేసింది మనుషులు. 1980ల జపాన్ గేముల్లో సంగీతజ్ఞుల పేర్లు వేస్తే పక్క కంపెనీ ఎగరేసుకుపోతుందని మారుపేర్లు పెట్టించేవారు. 1991లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 2' బాణీల్లో చాలావరకు యోకో షిమోమురా అనే అమ్మాయివి. తెరమీద పడిన పేరు 'షిమో-పి'! టైటిల్స్‌లో పేరు కోసం ఎదురుచూసే కృష్ణానగర్ మనుషులకి ఈ కథ వేరే చెప్పాలా?

నా పాటని అమ్మాలంటే బాతుల కంపెనీ అనుమతి కావాలి. ఆ ఉద్దేశం లేదు, నలుగురు స్నేహితులకి వినిపిస్తాను, అంతే. కోల్మన్ ముక్క మాత్రం తీసేశాను. దాని చోట అన్నే ప్యాడ్స్ మీద నాలుగు ఆవర్తాలు వాయించాడు, 174 వేగంలో, ఒకే టేకులో. డబ్బులిస్తానంటే బిర్యానీ చాలన్నాడు. పాట ఫైలు మీద 'డ్రమ్ములు' అని రాసి, పక్కన ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా వేశాను. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు.

"మూడో దెబ్బ దగ్గర ఖాళీ వదలమన్నావు కదా... వదిలానా?" అని మాత్రం అడిగాడు.