కోదాడ దారిలో ఐదు రోజుల యుద్ధం

1948 సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి భారత సైన్యం నైజాం సరిహద్దు దాటింది. ఉదయం ఎనిమిదిన్నరకల్లా కోదాడ, మధ్యాహ్నానికి మునగాల. తమాషా ఏమిటంటే మునగాల నైజాంలోది కాదు. చుట్టూ నిజాం ఊళ్లున్నా ఆ పరగణా మాత్రం కృష్ణా జిల్లాది. అంటే సైన్యం పరాయి రాజ్యం మీదుగా తన సొంత నేలకే చేరిందన్నమాట.

తగువు ఏడాదిగా ముదురుతోంది. బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోగానే నిజాం స్వతంత్రంగా ఉంటానన్నాడు. 1947 నవంబరు 29న ఏడాదిపాటు యథాతథ ఒప్పందం కుదిరినా, దాన్ని ఎవరి వైపు వాళ్లు లాగారు. సరుకులు రానివ్వడం లేదని హైదరాబాద్ ఫిర్యాదు. పాకిస్తాన్‌కు 20 కోట్ల అప్పిచ్చారనీ, దొంగచాటుగా విమానాల్లో ఆయుధాలు తెప్పిస్తున్నారనీ ఢిల్లీ ఫిర్యాదు. మధ్యలో నిజాం పక్షాన నిలిచిన ఖాసిం రజ్వీ సాయుధ దళం రజాకార్లు ఊళ్ల మీద పడి దోచుకున్నారు, తగలబెట్టారు.

సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాల్లో మాత్రం అప్పటికే ఇంకో యుద్ధం నడుస్తోంది. అది భూమి కోసం, వెట్టి పోవాలని. ఎర్రపాడు దేశ్‌ముఖ్‌కు లక్షన్నర ఎకరాలు ఉండేవంటారు. కమ్యూనిస్టులు నడిపిన సంఘం దళాలు దొరల భూములు పంచుతుంటే చాలామంది దొరలు గడీలు వదిలి పట్నం చేరారు.

అసలు దాడి షోలాపూర్ వైపు నుంచి, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో వచ్చింది. మన కోదాడ దారిన వచ్చింది మేజర్ జనరల్ రుద్ర దళం. నిజాం లాన్సర్లు కవచపు కార్లతో ఎదురు నిలిచారు గానీ ఆపలేకపోయారు. 15న విమానాలు బాంబులు వేశాక గూర్ఖాలు సూర్యాపేటను పట్టుకున్నారు. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ వంతెనను పేల్చేసింది. కానీ వంతెన కూల్చినంత మాత్రాన సరిపోదు, బాగుచేసే వాళ్లపై కాల్పులు జరపడానికి అవతలి గట్టున మనుషులుండాలి. ఎవరూ లేరు. వంతెన త్వరలోనే బాగైంది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, 18న సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు.

అయితే ఆ ఐదు రోజుల తర్వాత జరిగిందే ఎక్కువ. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింలపై ఊచకోతలు జరిగాయి. ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతులను 27 వేల నుంచి 40 వేలుగా అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఇక్కడి నల్లగొండ ఊళ్లకు మాత్రం సైన్యం వెంటే దొరలూ తిరిగొచ్చారు. పంచిన భూములు లాక్కున్నారు. రజాకార్ల కోసం వచ్చిన తుపాకులు దళాల వైపు తిరిగాయి. సంఘం వాళ్లు అడవుల్లోకి వెళ్లారు, 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో నల్లగొండ కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిపించింది. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక్కో ఓటరుకు రెండేసి ఓట్లుండేవన్న సంగతి చాలామంది చెప్పరు గానీ, గెలుపు మాత్రం ఆ జిల్లా రైతులదే.