థర్మోస్టాటు మార్చునప్పుడు పికప్ బండికి ఏ కూలెంటు పోయవలెను?

పట్టిసీమ, గూటాల, తాళ్లపూడి ప్రాంతముల రైతులు ఒకప్పుడు తమ సరుకును ఎడ్లబండ్లమీదను, పడవలమీదను సంతలకు చేర్చుచుండిరి. నేడు ఆ పని పికప్ బండ్లు చేయుచున్నవి. తెల్లవారకమునుపే కూరగాయలు ఎత్తుకొని కొవ్వూరు మీదుగా రాజమహేంద్రవరము చేరవలసిన బండి దారిలో ఆవిరులు గ్రక్కి నిలిచిపోయినచో ఆ పూట ధర దక్కదు. ఇంజను హెడ్డు వంగినచో పంటమీద మిగిలిన సొమ్ము మరమ్మతు షాపునకు పోవును. నడి వేసవిలోనే ఇట్లు జరుగుననుకొనరాదు. మహాశివరాత్రి తిరునాళ్లకు పట్టిసీమ రేవు దారిలో బండ్లు బారులు తీరి అడుగులో అడుగుగా కదలునప్పుడు ఎదురుగాలి తగలక ఇంజను మరింత త్వరగా వేడెక్కును.

ఇట్టి సందర్భములలో మెకానిక్కు చూచి, "థర్మోస్టాటు పోయినది, మార్చవలెను" అని చెప్పుట తరచు జరుగుచున్నది. ఆ భాగము చిన్నది. మార్చుట పెద్ద పని కాదు. మార్చిన పిమ్మట రేడియేటరులో ఏమి పోయుదురో దానినిబట్టియే ఆ ఇంజను ఎన్నాళ్లు నిలుచునో తేలును.

థర్మోస్టాటు అనగా ఇంజనుకు, రేడియేటరుకు నడుమనుండు తలుపు. దానిలోని చిన్న గొట్టమునందు మైనము ఉండును. ఇంజను చల్లగా ఉన్నంతసేపు తలుపు మూసియుండును. వేడి తగినంత పెరిగినప్పుడు మైనము కరిగి, ఉబ్బి, తలుపును త్రోయును. ఎన్ని డిగ్రీల వద్ద తెరుచుకొనునో ఆ అంకె సాధారణముగా దానిమీదనే ముద్రించియుండును. 82 డిగ్రీల సెంటీగ్రేడు అనునది తరచు కనబడు అంకె. తలుపు మూతపడి బిగుసుకొనిపోయినచో ఇంజను మరుగుచుండగా రేడియేటరు మాత్రము చల్లగా ఉండును. అయితే ఇంజను నూనె పాలవలె తెల్లబడినచో తప్పు థర్మోస్టాటుతో పోలేదనియు, హెడ్ గ్యాస్కెట్టును చూడవలెననియు గ్రహింపవలెను.

"మనది ఎండల దేశము, ఈ తలుపు మనకెందుకు?" అని దానిని ఊడబెరికి బండి నడుపువారు కలరు. ఇది మంచి సలహా కాదు. తలుపు లేని ఇంజను తగినంత వేడెక్కదు; డీజిలు సరిగా మండక మసి పెరుగును, ఇంజను అరుగుదల హెచ్చును. పెక్కు ఇంజనులలో ఈ తలుపే రేడియేటరుకు పోని ప్రక్కదారిని కూడ మూయును. అట్టివానిలో దీనిని తీసివేసినచో కొంత నీరు చల్లబడకనే తిరిగి ఇంజనులోనికి వచ్చి, చల్లదనమునకై తీసినది వేడికే కారణమగును.

ఇక నీటి మాట. పూర్వము చేలలో తిరిగిన ఆయిలు ఇంజనుకు బావి నీరే చాలినది. నీరు ఒక ప్రక్క వచ్చి మరియొక ప్రక్క పోవుచుండెడిది. పికప్ బండిలో అదే నీరు నెలల తరబడి తిరుగుచుండును. బోరు నీటిలోని సున్నపు ఉప్పులు కాగు అడుగున గార కట్టినట్లే ఇంజను లోపల గట్టిపడి వేడిని బయటికి పోనీయవు. క్రొత్త థర్మోస్టాటు కూడ ఆ గారతో బిగుసుకొనును. నీటిలోని క్లోరైడులు అల్యూమినియపు హెడ్డును తినివేయును. గోదావరి నీరు త్రాగుటకు ఎంత తియ్యనిదైనను దానిలోను ఉప్పులు, ఒండ్రు కలవు. కనుక కూలెంటులో కలుపుటకు బ్యాటరీలలో పోయు డిస్టిల్డ్ వాటరునే వాడవలెను.

కూలెంటు డబ్బామీద "యాంటీఫ్రీజు" అని చూచి, మంచు కురియని ఊరిలో ఇది దండుగ అనుకొందురు. ఇథిలీన్ గ్లైకాలు 1920ల దశకములో అమెరికాలో చలికాలపు బండ్లకొరకే ప్రచారములోనికి వచ్చినమాట నిజమే. కాని మనకు పనికివచ్చు గుణములు వేరు. సగము గ్లైకాలు, సగము నీరు కలిపినది సుమారు 107 డిగ్రీల వరకు మరుగదు. రేడియేటరు మూత బిగువుగా ఉండి పీడనము నిలిపినచో ఆ హద్దు ఇంకను రమారమి 20 డిగ్రీలు పెరుగును. దానిలో కలిపిన మందులు త్రుప్పును కూడ ఆపును. అట్లని నీరు కలుపక చిక్కటి కూలెంటునే పోయుట పొరపాటు. వేడిని మోసుకొనిపోవు శక్తి నీటికే ఎక్కువ. బండి పుస్తకములో వేరుగా చెప్పనిచో సగము పాలు మించరాదు.

రంగు చూచి కొనుట మరియొక పొరపాటు. ఆకుపచ్చ, ఎరుపు, గులాబి అనునవి తయారుచేయువారు కలుపుకొను రంగులే గాని అందరికి ఒకే కట్టుబాటు లేదు. సిలికేటు మందులు గల పాత రకమును రమారమి రెండేండ్లకు మార్చవలెను. సేంద్రియ ఆమ్లముల రకము ఐదేండ్ల వరకు నిలుచును. ఈ రెంటిని కలిపినచో మందుల బలము తగ్గును. ఒక్కొక్కప్పుడు జిగురువలె ముద్దకట్టి సన్నని గొట్టములను పూడ్చును. కాబట్టి బండి పుస్తకములో వ్రాసిన రకమేదో చదివి, ఆ మాటయే డబ్బామీద ఉన్నదా అని చూచుకొనవలెను. నీరు ముందే కలిపి అమ్ము రకము కూడ కలదు. దానికి మరల నీరు కలుపరాదు.

మార్చు పనికి ఇంజను పూర్తిగా చల్లారవలెను. వేడిమీద మూత తీసి ముఖము కాల్చుకొన్నవారు తక్కువమంది కారు. క్రొత్త థర్మోస్టాటును బిగించుటకు ముందు వంటకు వాడని గిన్నెలో నీరుపోసి, దారముతో అడుగు తగులకుండ వ్రేలాడదీసి కాచి, తెరుచుకొనుచున్నదో లేదో చూచుట మంచిది. స్ప్రింగు వైపు ఇంజనుకు అభిముఖముగా ఉంచి, క్రొత్త వాషరుతో బిగింపవలెను.

పాతది దింపి, నీటితో కడిగి, కడపట డిస్టిల్డ్ వాటరుతో తొలచవలెను. ఇచ్చట ఒక చిక్కు కలదు. ఎంత దింపినను ఇంజను లోపల కొంత నీరు నిలిచియుండును. ముందే సగము నీరు కలిపి పోసినచో మొత్తము పలుచబడును. అందుచే ఇంజను పట్టుదల ఎనిమిది లీటర్లు అయినచో మొదట నాలుగు లీటర్ల చిక్కటి కూలెంటు పోసి, మిగిలిన చోటు డిస్టిల్డ్ వాటరుతో నింపవలెను. తరువాత పుస్తకములో చెప్పినట్లు లోపలి గాలి పోనిచ్చి, ఇంజను చల్లారినపుడు మట్టము మరల చూడవలెను. గాలి చిక్కుకొన్నచో మంచి థర్మోస్టాటు కూడ సరిగా తెరువదు.

దింపిన పాత కూలెంటు విషము. రుచికి తియ్యగా ఉండుటచే కుక్కలు, పశువులు, పసిపిల్లలు దానిని త్రాగుదురు. కొద్దిపాటితోనే మూత్రపిండములు చెడి ప్రాణము పోవును. దానిని పళ్లెములో వదలరాదు, కాలువలోను, బావి దగ్గరను పారబోయరాదు. బిగువైన డబ్బాలో పోసి, పేరు వ్రాసి, పాత నూనె తీసుకొను షాపువారికి అప్పగింపవలెను. ఎవరైన త్రాగినట్లు అనుమానము కలిగినచో లక్షణములకొరకు ఎదురు చూడక డబ్బాను కూడ వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి, పశువైనచో పశువైద్యుని వద్దకు చేరవలెను.