పత్రమును యంత్రముచే వ్రాయించుట

ఇంటర్నెట్టులో పాడ్‌కాస్టు ప్రసంగముల పట్టిక శ్రోతల సాధనములకు చేరునది ఎక్స్.ఎమ్.ఎల్. పత్రముగానే. 1998లో ప్రమాణముగా వెలువడిన ఈ లేఖన పద్ధతిలో తెరచిన ప్రతి గుర్తును మూయవలెను. లోపలిదానిని ముందు, వెలుపలిదానిని పిదప. ఈ పత్రమును జావాస్క్రిప్టు భాషలో అక్షరముల ముక్కలు అతికించి కూర్చువారు కలరు. అది సాహసమే. శీర్షికలో ‘పాట & మాట’ యని ఒక్క ఆంపర్‌సాండు ఉన్నదున్నట్లు పడిన చాలును, నియమము తప్పని పఠనయంత్రము పత్రమునంతను త్రోసిపుచ్చును; కొత్త ప్రసంగ మొక్కటియు శ్రోతకు అందదు.

‘ఎక్స్.ఎమ్.ఎల్. బిల్డర్’ అను చిన్న లైబ్రరీ ఈ బాధను తప్పించును. ‘ఎలె’ యనిన కొత్త కొమ్మ మొలచును. ‘అట్’ దానికి గుణమును తగిలించును. ‘అప్’ తల్లికొమ్మకు చేర్చును. ‘ఎండ్’ పత్రమును చేతికిచ్చును. గుర్తుల మూతలు, ఆంపర్‌సాండు మార్పిడి తానే చూచుకొనును. ‘అప్’ను మాత్రము మరువరాదు, మరచినచో రెండవ ప్రసంగము మొదటిదాని కడుపులో మొలచును.