ముద్రణలో విడి రంగు

అచ్చుయంత్రము కాగితముపై రంగును రెండు విధముల నిలుపును. నీలి ఛాయగల సయాన్, ఎరుపు ఛాయగల మెజెంటా, పసుపు, నలుపు అను నాలుగు సిరాలను సన్నని చుక్కలుగా పరచి, కంటికి అనేక వర్ణములను తోపింపజేయుట ఒక విధము. కావలసిన రంగును ముందే సిరాగా కలిపి, దానికొక ప్లేటును ప్రత్యేకించి అచ్చొత్తుట రెండవ విధము. ఈ రెండవదానిని ముద్రాపకులు స్పాట్ కలర్ అందురు. విడి రంగు అని మనము చెప్పుకొనవచ్చును.

ఇది క్రొత్త ఊహ కాదు. 1894లో బొంబాయిలో నెలకొల్పబడిన రవివర్మ ముద్రణాలయములో దేవతామూర్తుల చిత్రములను రాతిపలకలనుండి అచ్చువేయునపుడు, ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలకను సిద్ధపరచెడివారు. నేడు రాతికి బదులు అల్యూమినియం ప్లేటు వచ్చినది. చిత్రము కంప్యూటరు ఫైలులో నున్నది. 1963లో అమెరికాలో పాంటోన్ సంస్థ సిరాలకు సంఖ్యలు నిర్ణయించి నమూనా పుస్తకమును వెలువరించిన పిదప, ఒక ఊరి చిత్రకారుడు కోరిన ఎరుపును వేరొక ఊరి ముద్రాపకుడు సంఖ్యనుబట్టి కలుపుటకు వీలు కలిగినది.

చిక్కు ఎక్కడ వచ్చుననగా, ఫైలులో విడి రంగు ఒక ప్లేటు పేరు మాత్రమే. తెరపై కనబడునది ఆ సిరాకు పోలిక. ఒక పెండ్లిపత్రికను ఉదాహరణముగా తీసికొందము. దానిలో కుంకుమ ఎరుపు ఒకటి, బంగారు సిరా ఒకటి. పేర్లు సవరించుటకై ఎవరో ఫైలును తెరచి, అంతయు నాలుగు రంగులలోనికి మార్చి భద్రపరచిరనుకొందము. ఎరుపు మెజెంటా, పసుపుల కలయికగా ఇంచుమించు సరిగానే దిగవచ్చును. బంగారు సిరాలోని లోహపు మెరుపు మాత్రము చుక్కలకు రాదు. మట్టి ఛాయగల పసుపే మిగులును. ఒకే ప్లేటుతో స్ఫుటముగా పడవలసిన సన్నని అక్షరములు పలు ప్లేట్ల చుక్కలుగా చీలి, ప్లేట్లు వెండ్రుకవాసి కదలినను అంచులు చెదరును. ఈ నష్టము ప్రతులన్నియు అచ్చైన పిదపగాని తెలియదు.

పేరును మాత్రమే నమ్ముటయు క్షేమము కాదు. 2022లో అడోబీ సంస్థ తన ప్రోగ్రాములనుండి అనేక పాంటోన్ రంగుల పట్టికలను తొలగించినపుడు, కొన్ని పాత ఫొటోషాప్ ఫైళ్లలో ఆ రంగులున్నచోట నలుపు కనబడినది. కావున సిరా సంఖ్యను, దానికి దగ్గరయగు నాలుగు రంగుల పాళ్లను వేరుగా వ్రాసి ఉంచుకొనవలెను.

ఇక చేయవలసిన పని. మూలమగు ఫైలును కదలింపక, మార్పులన్నియు నకలుపై చేయవలెను. విడి రంగును తక్కిన రంగులలో కలిపి భద్రపరచిన పిదప మరల విడదీయుట దుస్సాధ్యము. ఎన్ని ప్లేట్లు వేయుదురో ముద్రాపకుని ముందుగా అడుగవలెను. నాలుగే అయినచో, తెరను నమ్మక, అచ్చు నమూనాతో పోల్చి రంగును మార్చవలెను. బంగారు సిరా నిజముగా వేయుదురేని, ఆ రంగును మార్చరాదు, దానిని పి.డి.ఎఫ్. రూపమున పంపవలెను. జేపెగ్ రూపమున విడి ప్లేటు నిలువదు. ఒకే సిరాకు రెండు పేర్లున్నచో రెండు ప్లేట్లు తయారగును. కావున పంపుటకు ముందు ప్లేట్లను ఒక్కొక్కటిగా తెరపై చూచి లెక్కించవలెను. తుదకు ఒక నమూనా ప్రతిని అచ్చు వేయించువారును, వేయువారును కలసి చూచి ఒప్పుకొనుట ఉభయులకును మేలు.