తెలుగు దేశపు చలిసీమ : ఆదిలాబాదు ఉత్తర ప్రాంతము

మాజ్రి గనుల ప్రాంతమున నివసించు తెలుగువారి పిల్లలకు తెలుగు దేశపు భూగోళమును బోధించునపుడు ఒక చిక్కు ఎదురగుచుండును. తెలంగాణమునకు ఉత్తరపు కొసయందు ఆదిలాబాదు కలదనియు, ఆ రాష్ట్రములో చలి మిక్కిలిగా నుండు ప్రాంతము అదియే యనియు చెప్పగానే, పిల్లలు ఉత్తర దిక్కునకు చేయి చూపుదురు. కాని మనకు ఆదిలాబాదు నైఋతి మూలనున్నది. తెలుగు దేశమునకు ఉత్తరమైనది మనకు దక్షిణము. మాజ్రి జంక్షనువద్ద వార్ధా-బల్లార్షా ప్రధాన మార్గమునుండి చీలిన రైలుశాఖ వణీ, పింపల్‌కుటీల మీదుగా పోయి పెన్‌గంగను దాటినంతనే ఆ సీమలో ప్రవేశించును. మన ముంగిటనున్న ఈ సీమనుగూర్చి మనకు తెలిసినది స్వల్పము. దాని నేల, నీరు, చలి, జనము అనువానిని గూర్చి కొంత వివరించుటకే ఈ వ్యాసము.

ముందుగా చలి సంగతి. 2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు ఆదిలాబాదు జిల్లాను ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలుగా విభజించిరి. ఇందు బేల, తాంసి, సిర్పూరు (యు), తిర్యాణి మున్నగు ఉత్తర, మధ్య భాగములందు పుష్యమాసమున రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు పడిపోవుట సామాన్యము. కొన్ని సంవత్సరములలో అయిదు డిగ్రీలకును దిగువకు పోయినది. ఆంధ్రప్రదేశమున చలికి పేరుపడిన లంబసింగితో దీనిని పోల్చి చూడవలెను. లంబసింగి దాదాపు 1000 మీటర్ల ఎత్తున నున్నది. అచటి చలికి ముఖ్యకారణము ఎత్తు. ఆదిలాబాదు పట్టణము సముద్రమట్టమునకు మూడువందల మీటర్ల ఎత్తునైనను లేదు. మరి ఇచట ఇంత చలి ఎట్లు కలుగుచున్నది?

దీనికి కారణములు మూడు. మొదటిది సముద్రమునకు దూరము. బంగాళాఖాతపు తీరమునుండి ఈ సీమ 400 కిలోమీటర్లకు పైగా లోపల నున్నది. నీరు మెల్లగా వేడెక్కును, మెల్లగా చల్లబడును. నేల రెండింటను త్వరపడును. కడలి అండలేని నేల కాబట్టి ఇచట వేసవిలో ఎండ 45 డిగ్రీలను మించుటయు, శీతకాలమున రాత్రులు గడ్డకట్టించునట్లు ఉండుటయు ఒకే గుణమునకు రెండు ముఖములు. చంద్రపూరు ఎండను భరించినవారికి ఈ మాటకు వేరొక సాక్ష్యము అక్కరలేదు. రెండవది ఉత్తరపు గాలి. శీతకాలమున పశ్చిమమునుండి వచ్చు వాతావరణ క్షోభలు హిమాలయములపై మంచు కురిపించి తూర్పునకు సాగిపోగా, వాని వెనుక చల్లని పొడిగాలి మధ్యభారతము మీదుగా దక్షిణమునకు దిగును. నాగపూరు మైదానమునను, వార్ధా లోయయందును దానికి పెద్ద అడ్డు లేదు. తెలుగు నేలలో ఆ గాలి మొట్టమొదట అడుగిడునది ఈ సీమయందే. మూడవది నిర్మలాకాశము. పొడిగాలిలో మబ్బు ఉండదు. పగలు నేల గ్రహించిన వేడి రాత్రి నిరాటంకముగా ఆకాశమునకు పోవును. అట్లు చల్లబడిన గాలి బరువెక్కి కొండల వాలునుండి జారి లోయలలో నిలిచిపోవును. అందుచేతనే కొండ నెత్తిపైనున్న గూడెముకంటె దాని పాదముననున్న గూడెమునకు ఒక్కొక్కప్పుడు చలి హెచ్చుగా నుండును. ఎత్తుకు పోయినకొలది చలి యని మాత్రమే చదివిన పిల్లలకు ఇది వింతగా తోచును.

పగటికిని రాత్రికిని గల తేడాయే ఇచటి శీతకాలపు లక్షణము. మధ్యాహ్నము 28 డిగ్రీలుండి ఎండ చురుకనిపించిన దినమున తెల్లవారుజామున ఊరంతయు నెగళ్లచుట్టు చేరియుండును. పాఠ్యగ్రంథములలో సగటు ఉష్ణోగ్రతలు మాత్రమే ఇచ్చుట నాకు నచ్చదు. సగటులో ఈ గొంగడియు కానరాదు, ఆ ఎండయు కానరాదు. సేద్యమునకు ఈ చలి మేలే చేయుచున్నది. శనగయు, యాసంగి జొన్నయు నల్లరేగడి పట్టియుంచిన తేమతోను, రాత్రి మంచుతోను పండును. వానకాలపు ప్రధానమైన పంట ప్రత్తి; దానితోడనే కందియు సోయాయు పండించుచున్నారు. చలి ముగిసి ఎండ ముదురునపుడు ఇప్పపూవు రాలును. అడవిజనుల సంవత్సరములో అదియొక ఋతువు.

ఇక నేలను పరికింతము. ఈ సీమ పడమటి భాగమును, ఉట్నూరు పీఠభూమిలో అధిక భాగమును అగ్నిశిలలు కప్పియున్నవి. దాదాపు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమునుండి పొంగిన లావా పొరలు పొరలుగా పేరుకొని దక్కను పీఠభూమి ఏర్పడినది. ఆ నల్లరాయి చివికి నల్లరేగడి ఐనది. సాత్మల కొండలు, నిర్మల్ కొండలు అని పిలువబడు గుట్టల వరుస వాయవ్యమునుండి ఆగ్నేయమునకు సీమను అడ్డముగా కోయుచున్నది. ఆ కొండలలో పుట్టిన కడెము నది నేరడిగొండ దాపున దాదాపు 45 మీటర్ల ఎత్తునుండి దూకి కుంతల జలపాతమై, తుదకు గోదావరిలో కలియును. తూర్పున ప్రాణహిత లోయయందు శిలలు వేరు. అవి నీటిలో పేరుకొన్న ఇసుకరాళ్లు, బంకరాళ్లు, వాని నడుమ బొగ్గు. బెల్లంపల్లి, మందమర్రి గనులును, మన మాజ్రి గనులును ఒకే శిలాసముదాయమునకు చెందినవి. దానికి భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. గోండుల దేశమను అర్థమున వాడిన ఆ మాట తరువాత ఒక మహాఖండమునకే నామమైనది. యామన్‌పల్లి వద్ద ఇసుకరాళ్లలో దొరకిన ప్రాచీన బల్లిజాతి మహాజంతువు ఎముకలకు 1988లో కోటసారస్ అని పేరిడిరి. ఆ కంకాళమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో చూడవచ్చును.

చలిని గూర్చి చెప్పునపుడు ఈ శిలలలో దాగిన మరియొక చలిని విడువరాదు. మన బొగ్గుపొరలకు అడుగున తాల్చేరు శిలలు కలవు. చంద్రపూరునకు పడమట, పెన్‌గంగ లోయలో ఇరై అను ఊరివద్ద 1870ల దశకమున భూగర్భ పరిశోధన శాఖకు చెందిన ఫెడెన్ అను శాస్త్రజ్ఞుడు ఒక చిత్రమును గమనించెను. అచట పెద్దబండలు, గుండ్రాళ్లు, బంకమన్ను కలగలిసిన పొర క్రింద సున్నపురాతి నేల నునుపుదేరి, సమాంతరముగా గీతలు పడియుండెను. అట్టి గీతలను నీరు గీయజాలదు. రాళ్లను ఇముడ్చుకొని ఈడ్చుకొనిపోవు మంచునదియే గీయగలదు. సుమారు ముప్పది కోట్ల సంవత్సరముల క్రిందట మన భూఖండము దక్షిణ ధ్రువమునకు చేరువగా నుండి మంచుచే కప్పబడియుండెను. ఆ మంచు కరిగిన పిమ్మట ఏర్పడిన చిత్తడి అడవులే పూడి బొగ్గైనవి. గనిలోనికి దిగు మనవారు ఉక్కతో చెమటలు కార్చుచు త్రవ్వునది ఒక మంచుదేశపు నేలమీద పుట్టిన అడవిని అన్నమాట.

నదులవిషయము సీమ చరిత్రకు కీలకము. బుల్ఢాణా ప్రాంతపు కొండలలో పుట్టిన పెన్‌గంగ తూర్పునకు ప్రవహించి ఘుగ్గుస్ సమీపమున వార్ధాలో కలియును. వార్ధా తుమ్మిడిహట్టి వద్ద వైన్‌గంగతో కూడి ప్రాణహిత యగును. ప్రాణహిత కాళేశ్వరమువద్ద గోదావరిని చేరును. ఉత్తరమున పెన్‌గంగ, తూర్పున వార్ధా, ప్రాణహితలు, దక్షిణమున గోదావరి – ఇట్లు మూడుప్రక్కల నీరున్న సీమ ఇది. పటములు గీయువారికి నదివంటి సౌకర్యము వేరొకటి లేదు. కాని వేసవిలో పెన్‌గంగను పలుచోట్ల కాలినడకను దాటవచ్చును. నది రెండు ఒడ్డులను విడదీయుటకంటె కలుపుటయే హెచ్చు. తిప్పేశ్వరు, తాడోబా అడవులనుండి పులులు ఈ నదులను దాటి కాగజ్‌నగరు అడవులకు వచ్చుచునే యున్నవి.

ఈ నేలకు పాతకాపులు గోండులు, కొలాములు. గోండు రాజుల తొలి రాజధాని వార్ధాకు కుడిగట్టుననున్న సిర్పూరు అనియు, తరువాత బల్లార్షాకును, పిదప చాందాకును అది మారినదనియు వారి ఐతిహ్యము. 1751 ప్రాంతమున చాందా రాజ్యము నాగపూరు భోంసలేల వశమగువరకు నదికి రెండువైపులనున్న కొండలు ఒకే ఏలుబడిలో నుండెను. గోండులలో పర్ధానులు కింగ్రి వాయించుచు వంశగాథలు పాడువారు. కొలాములు స్థలదేవతలకు పూజారులు. గోండులు సైతము వారిని పిలిచి పూజ చేయించుకొందురు. నాయక్‌పోడులు, తోటీలు, ఆంధులు, లంబాడీలు, మైదానమునుండి వచ్చిన తెలుగు, మరాఠీ రైతులు కలిసి నేటి జనసముదాయము ఏర్పడినది. బేల, తాంసి వైపు ఇండ్లలో మరాఠీ వినబడును. రాజూరా, సిరొంచలలో తెలుగు వినబడును.

భాషాశాస్త్రజ్ఞులు గోండీని తెలుగుతోపాటు ఒకే ఉపకుటుంబమున చేర్చుదురు. కొలామీ వేరొక ద్రావిడ శాఖకు చెందినది. గోండీలో నీటిని ‘ఏర్’ అందురు. ఊరిని ‘నార్’ అందురు. తెలుగువాడు వినినంతనే తన ఏఱును, నాడును తలచుకొనును. అడవిమాటయని మనము చులకనగా చూచునది మన పలుకుకు తోబుట్టువు.

ఈ జనుల పెద్ద యాత్రలు చలి ముదిరిన పుష్యమాసముననే జరుగుట గమనింపదగినది. కేస్లాపూరు నాగోబా జాతరకు మెస్రం వంశస్థులు హస్తినమడుగునుండి గోదావరి జలమును కాలినడకను తెచ్చి, పుష్య అమావాస్యనాడు పూజచేయుదురు. మఱ్ఱిచెట్ల క్రింద ఆరుబయట, నెగళ్ల వెలుగున బంధువర్గములు బసచేయును. కెరమెరి మండలపు మహారాజ్‌గూడ గుహలోనున్న జంగుబాయి దర్శనమునకు ఇదే మాసమున చంద్రపూరు, యవత్మాల్ వైపునుండియు యాత్రికులు వత్తురు. పంట ఇల్లుచేరినది, వాగులు తగ్గినవి, అడవిదారులు నడకకు అనువైనవి. చలిని ఓర్చుకొనిన చాలును, ప్రయాణమునకు ఇదియే మంచికాలము.

మనుష్యులు గీచిన గీతలు మాత్రము తరచుగా మారినవి. నిజాము రాజ్యమున 1872లో సిర్పూరు-తాండూరు ఉపజిల్లాగా ఏర్పడినది 1905లో ఆదిలాబాదు జిల్లా యైనది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినపుడు రాజూరా, కిన్వట్ తాలూకాలు దానినుండి వేరై నాందేడు జిల్లాకు పోయినవి. రాజూరా 1959లో చాందా జిల్లాలో చేరినది. మూడేండ్లలో మూడు జిల్లాలు చూచిన తాలూకా అది. ఊరు కదలలేదు, కచేరి కదలినది. ఒకే తెగవారికి గీతకు ఇరుప్రక్కల వేరువేరు హక్కులు ఏర్పడిన సందర్భములును కలవు. లంబాడీలు తెలంగాణములో 1976 నాటి శాసనముచే షెడ్యూల్డు తెగలలో చేరిరి. మహారాష్ట్రమున వారికి ఆ గుర్తింపు లేదు. దీనివలన వలసలును, భూమి తగవులును పెరిగినవి.

ఉపాధ్యాయుడనగుటచే నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది ఈ సీమలోని చదువుల చరిత్ర. 1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీము నిజాము బలగముల చేతిలో మరణించిన పిమ్మట, గోండుల స్థితిని పరిశీలించుటకు ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫును నియమించెను. ఆయన భార్య బెట్టీతో మార్లవాయి గ్రామమున నివసించి, భూమి పట్టాలకొరకు పాటుపడెను. 1943లో అచట గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము నెలకొల్పబడెను. నాగరలిపిలో గోండీ వాచకములు సిద్ధపరచిరి. పిల్లవాడు ఇంటి మాటతో అక్షరము నేర్చి, తరువాత ఇతర భాషలకు పోవలెనని వారి పద్ధతి. 1956 పిదప బడిభాష తెలుగైనది. గీతకు ఆవల గోండు పిల్లలకు మరాఠీ యైనది. మన తెలుగునకు పరరాష్ట్రమున ఒక బడి కావలెనని మనము అర్జీలు వ్రాయుచున్నాము, న్యాయమే. కాని మన ఏలుబడిలో గోండీకి ఆ న్యాయము చాలకాలము దక్కలేదని ఒప్పుకొనుట కూడ న్యాయమే. నార్నూరు మండలము గుంజాల గ్రామమున గోండీకి ప్రత్యేకలిపి గల వ్రాతప్రతులు బయల్పడినవి. ఆచార్య జయధీర్ తిరుమలరావు మున్నగువారి కృషివలన ఆ లిపి విద్వాంసుల దృష్టికి వచ్చి, 2018లో యూనికోడు ప్రమాణమున స్థానము పొందినది. ఆ లిపితో చిన్న వాచకములును వెలువడినవి.

కెరమెరి మండలమునకును, చంద్రపూరు జిల్లా జివతి తాలూకాకును నడుమ, పరందోళి, ముకదంగూడ, అంతాపూరు మొదలైన డజను పైచిలుకు గ్రామములను రెండు రాష్ట్రములును తమవిగా లెక్కించుచున్నవి. అచటివారికి రెండు రేషను కార్డులు, రెండు వోటరు జాబితాలు. సర్పంచులును ఇద్దరేసి. సంక్షేమ పథకములు రెండువైపులనుండియు వచ్చును; భూమి పట్టా మాత్రము తేలక అనేకులు అవస్థ పడుచున్నారు. ఇండ్లలో మరాఠీయో, లంబాడీయో, గోండీయో పలుకు ఆ ఊళ్లలో తెలుగు బడియు, మరాఠీ బడియు ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. పుష్యమాసపు ఉదయమున రెండు బడుల పిల్లలును పలకలు ప్రక్కనుంచి ఒకే నెగడివద్ద చేతులు కాచుకొందురు.